పట్నం నుంచి పల్లెకు: రాజోలు ప్రాంతంలో తిరుగు వలసల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తిరుగు వలస, ప్రతినగరీకరణ అనే రెండు భావనల మధ్య తేడాను చెప్పగలుగుతారు.
• 1942, 1964, 1990, 2020 సంవత్సరాలలో జరిగిన తిరుగు వలసలను, వాటి కారణాలను వివరించగలుగుతారు.
• ఎక్కడ నివసించాలనే విషయంలో ఇష్టానికీ, వీలుకూ ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.
• మీ వీధి వలస చరిత్రను స్వయంగా నమోదు చేయగలుగుతారు.

1. పరిచయం

రాజోలు పరిసర గ్రామాలలో ఏ వీధిలో నడిచినా మీకు రెండు రకాల ఇళ్లు కనిపిస్తాయి. ఒకటి పాత మండువా ఇల్లు. పెంకులు జారి ఉంటాయి, వీధి తలుపుకు తాళం వేసి ఉంటుంది. చుట్టూ ఉన్న కొబ్బరి చెట్లకు మాత్రం దింపు సకాలంలో జరుగుతూ ఉంటుంది. యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. రెండోది ఊరి చివర పేటలో కనిపించే కొత్త డాబా. గోడలకు రంగులు కూడా వేసి ఉంటాయి. ఆ ఇంటి ఇల్లాలు కువైట్‌లో పదేళ్లో పదిహేనేళ్లో పనిచేసి పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు అది. ఆమె తిరిగి వచ్చి అందులోనే ఉంటుంది, లేదా రేపో మాపో వస్తుంది.

ఇల్లు, పొలం ఉన్నవారు తిరిగి రావడం లేదు. అవి రెండూ లేకుండా వెళ్లినవారు ఇల్లు కట్టుకోవడానికే తిరిగి వస్తున్నారు. ఇలా ఎందుకు జరిగింది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం. వలస అనగానే మన పాఠ్యపుస్తకాలు పల్లె నుంచి పట్నానికి సాగిన ప్రయాణం గురించే ఎక్కువగా చెబుతాయి. అందుకు ఎదురుగా సాగిన ప్రయాణానికీ చరిత్ర ఉంది. మీలో కొందరు ఆ ప్రయాణం చేసి వచ్చినవారే కావచ్చు.

2. కొన్ని భావనలు

వలసలను శాస్త్రీయంగా పరిశీలించిన తొలి వ్యక్తులలో ఇ.జి. రావెన్‌స్టీన్ ఒకరు. ఆయన 1881 బ్రిటిష్ జనగణన ఆధారంగా 1885లో కొన్ని వలస సూత్రాలను ప్రకటించాడు. ప్రతి ప్రధాన వలస ప్రవాహమూ దానికి ఎదురుగా మరో చిన్న ప్రవాహాన్ని పుట్టిస్తుందన్నది వాటిలో ఒకటి. గోదావరి ముఖద్వారాలలో పోటు పాట్లు చూసినవారికి ఈ సూత్రాన్ని వేరుగా వివరించనక్కరలేదు. తరువాత 1966లో ఎవరెట్ లీ, మనిషిని ఒక చోటు నుంచి నెట్టే కారకాలను, మరో చోటికి లాగే కారకాలను, మధ్యలో వచ్చే ఆటంకాలను కలిపి ఒక సిద్ధాంతంగా రూపొందించాడు.

ఇక్కడ మీరు రెండు పదాలను వేరువేరుగా గుర్తుంచుకోవాలి. వెళ్లిన మనిషి తన ఊరికే తిరిగి రావడం తిరుగు వలస. నగరంలో పుట్టి పెరిగినవారు సైతం నగరం వద్దనుకుని చిన్న ఊళ్లకు, పల్లెలకు తరలిపోవడం ప్రతినగరీకరణ. 1970లలో అమెరికాలో మహానగరాలకన్నా వాటికి బయట ఉన్న ప్రాంతాలలో జనాభా వేగంగా పెరగడాన్ని గమనించి, 1976లో బ్రియాన్ బెర్రీ ఈ రెండో మాటను ప్రచారంలోకి తెచ్చాడు. అక్కడ కారు, మంచి రోడ్డు, పింఛను ఉన్నవారు తమ ఇష్టప్రకారం నివాసాన్ని ఎంచుకున్నారు. రాజోలులో మనం చూడబోయేది చాలావరకు తిరుగు వలసే. ఈ తేడాను మరచిపోతే ఆపదలో ఇల్లు చేరినవారిని కూడా పల్లెపై మక్కువతో వచ్చినవారిగా పొరబడతాం.

జనగణన లెక్కలను వాడేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. మన జనగణన 1971 నుంచి పుట్టిన చోటుతో పాటు అంతకుముందు నివసించిన చోటును, 1981 నుంచి వలసకు కారణాన్ని అడుగుతోంది. అయితే మన దేశంలో స్త్రీల వలసలలో అధిక భాగం వివాహం వల్ల జరిగేదే. అమలాపురం పట్టణంలో పుట్టి రాజోలు దగ్గర పల్లెకు కోడలిగా వచ్చిన ఆమె కూడా లెక్కలో పట్నం నుంచి పల్లెకు వలస వచ్చినట్టే కనిపిస్తుంది. కాబట్టి అంకె ఒక్కటే చాలదు. కారణం కూడా చూడాలి.

3. రాజోలు: మనుషులు వచ్చి చేరిన సీమ

పడమట వశిష్ఠ, తూర్పున వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం. ఈ మూడింటి మధ్య ఉన్న భూభాగాన్ని పాత రికార్డులు నగరం ద్వీపం అని పేర్కొన్నాయి. నేటి రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు మండలాలు ప్రధానంగా ఇందులోనివే.

1832-33 నాటి కరువులో గోదావరి డెల్టా తీవ్రంగా దెబ్బతిన్నది. గోదావరి పక్కనే ప్రవహిస్తున్నా పొలాలకు నీరు అందని రోజులవి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ వెంటనే గన్నవరం వద్ద వైనతేయ పాయపై అక్విడక్టు కట్టి, నది మీదుగా కాలువను దాటించి నగరం ద్వీపానికి నీరిచ్చారు. కాలువ నీటితో వరి స్థిరపడింది, కొబ్బరి తోటలు విస్తరించాయి, పనికి మనుషులు కావలసివచ్చారు. ఆ విధంగా ఈ సీమ జనసాంద్రత బాగా ఎక్కువైన ప్రాంతాలలో ఒకటయింది.

భూమి విలువ పెరిగిన కొద్దీ భూమి లేనివారికి నిలబడే చోటు తగ్గింది. రైతు పొలం గట్టునో, తోట మూలనో, ఏటిగట్టు పక్కనో పాక వేసుకుని పనిచేసే కుటుంబాలకు ఆ పాక కింది నేల తమది కాదు. ఈ విషయాన్ని మనసులో ఉంచుకుని తరువాతి భాగాలు చదవండి.

ఇక్కడి నుంచి బయటికి వెళ్లిన దారులు ప్రధానంగా రెండు. చదువుకునే వీలున్న కుటుంబాల పిల్లలు రాజమండ్రికి, కాకినాడకు, అక్కడి నుంచి మద్రాసుకు వెళ్లారు. కూలి తప్ప మరో ఆధారం లేనివారు గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువారిని 'కొరంగీలు' అన్నారు. రంగూన్ ఓడరేవులో, బియ్యం మిల్లులలో బరువులు మోసినవారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1931 జనగణన నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే.

4. 1942: ఒకే ఏడాది, రెండు రాకలు

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఆ నగరం జపాన్ వశమైంది. సుమారు 5 లక్షల మంది భారతీయులు బర్మా విడిచి వచ్చారని అంచనా. ఓడ టిక్కెట్టు దొరకనివారు అరకాన్ మీదుగా చిట్టగాంగుకు, అడవి దారుల్లో మణిపూర్‌కు, అస్సాముకు నడిచి వచ్చారు. ఆకలితో, మలేరియాతో, కలరాతో దారిలోనే వేలమంది చనిపోయారు. బతికి చేరినవారిని మన పత్రికలు 'కాందిశీకులు' అన్నాయి.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఆ వారాలలోనే మద్రాసు నగరం చాలావరకు ఖాళీ అయింది. ప్రభుత్వ కార్యాలయాలు లోపలి పట్టణాలకు తరలాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు నుంచి గుంటూరుకు మారింది. నగరాలలో స్థిరపడిన కోనసీమ కుటుంబాలు సొంత ఊళ్ల దారి పట్టాయి. నరసాపురం దాకా రైలు, అక్కడి నుంచి వశిష్ఠ మీద పడవ, అవతలి ఒడ్డున ఎడ్లబండి: రాజోలు వైపు వచ్చే దారులలో అదొకటి.

ఈ రెండు రాకలకు తేడా ఏమిటో మా అమ్మమ్మ చెప్పిన సంగతి నాకు తెలియజేసింది. ఆ వేసవిలో మద్రాసు నుంచి ఇద్దరు మేనమామల కుటుంబాలు దిగాయట. మండువా ఇల్లు నిండిపోయింది, రోజూ రెండు పూటలా పాతిక విస్తళ్లు లేచేవట. అదే నెలలో ఒక సాయంత్రం ఇంటి పాత పాలేరు కొడుకు, భార్యతో రంగూన్ నుంచి వచ్చి దొడ్డి వాకిట్లో నిలబడ్డాడట. నడిచి నడిచి కాళ్లు పుండ్లు పడ్డాయి. తండ్రి పోయాడు. తండ్రి పాక ఉన్న చోట అప్పటికే అరటి మొక్కలు వేశారు. "పశువుల సావిడి పక్కన ఉండమన్నారు మీ తాతగారు. ఆర్నెల్లున్నారు. మళ్లీ ఎటు వెళ్లారో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు" అని ఆమె చెప్పింది. మేనమామలు ఎప్పుడు తిరిగి వెళ్లారో, వెళ్తూ ఏయే పచ్చళ్లు పట్టుకెళ్లారో మాత్రం ఆమెకు వృద్ధాప్యంలోనూ గుర్తుంది.

ఒక్కరి జ్ఞాపకం మొత్తం సీమకు రుజువు కాదు. చరిత్ర విద్యార్థిగా మీరు దాన్ని ఇతర ఆధారాలతో పోల్చి చూడాలి. అయినా ప్రభుత్వ పత్రాలలో కనిపించని ఒక విషయం ఇందులో ఉంది. ఒకే యుద్ధం, ఒకే ఊరు, ఒకే ఇంటి వాకిలి. ఒకరికి ఊరు సెలవుల విడిది అయింది. మరొకరికి పుట్టిన చోటే పరాయిదయింది. ప్రమాదం తగ్గగానే మద్రాసు కుటుంబాలు తిరిగి నగరం చేరాయి. పల్లెపై ఇష్టంతో వారు రాలేదు, అయిష్టంతో వెళ్లలేదు. ఇల్లు ఉంది కాబట్టి రాగలిగారు, నగరంలో జీవనాధారం ఉంది కాబట్టి వెళ్లగలిగారు.

5. 1964: ఊరికి రానివారు

యుద్ధం తరువాత కొందరు మళ్లీ బర్మా వెళ్లారు. 1962లో జనరల్ నె విన్ అధికారం చేజిక్కించుకున్నాక వ్యాపారాలను జాతీయం చేశారు. 1964 మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించడంతో దాచుకున్న సొమ్ము కాగితాలైపోయింది. ఆ దశకంలో సుమారు 3 లక్షల మంది భారతీయులు బర్మా విడిచారని అంచనా.

ఈసారి తెలుగు కాందిశీకులలో చాలామంది పూర్వీకుల పల్లెలకు చేరలేదు. విశాఖపట్నం కంచరపాలెం ప్రాంతంలో నేటికీ ఉన్న బర్మా క్యాంపు అందుకు సాక్ష్యం. పల్లె విడిచి రెండు తరాలు గడిచాయి. ఇంటి స్థలం లేదు, పొలం లేదు, పేరు పెట్టి పిలిచేవారు కూడా తగ్గిపోయారు. పట్నంలో అయితే ప్రభుత్వం చూపిన కాలనీ ఉంది, రేవులో పని ఉంది. తిరుగు వలస చరిత్రలో తిరిగి రానివారిని కూడా లెక్కించాలనడానికి ఇది మంచి ఉదాహరణ.

6. మండువా ఇంటికి తాళం

ఇప్పుడు భూమి ఉన్నవారి వైపు చూద్దాం. స్వాతంత్ర్యం తరువాత చదువు, ఉద్యోగం వారిని అంచెలంచెలుగా బయటికి తీసుకువెళ్లాయి. 1973 నాటి భూపరిమితి చట్టంతో పెద్ద కమతాలున్నవారికి భూమిపై భరోసా సడలింది. 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కరణం, మునసబు వంటి గ్రామాధికారుల పదవులను రద్దు చేయడంతో, తరతరాలుగా ఆ పదవులపై ఆధారపడిన కుటుంబాలకు ఊళ్లో ఉండవలసిన కారణం ఒకటి తగ్గింది. అగ్రహారాలలో వీధులకు వీధులే పలచబడ్డాయి.

భూమి మాత్రం చాలామంది అమ్మలేదు, కౌలుకు ఇచ్చారు. వరదకు, తుపానుకు పోయే పెట్టుబడి కౌలుదారుది. కౌలు మాత్రం యజమానికి ముట్టాలి. సాగు గిట్టుబాటు కావడం లేదని 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. వ్యవసాయమే నిలబెట్టలేని చోటికి, ఇల్లు ఉన్నంత మాత్రాన నగరం నుంచి ఎవరు తిరిగి వస్తారు? సంక్రాంతికి నాలుగు రోజులు తలుపులు తెరుచుకుంటాయి, కనుమ మరునాడు మళ్లీ తాళం పడుతుంది.

7. కువైట్: ఇంటి కోసం ఇల్లు విడిచినవారు

గత నాలుగైదు దశాబ్దాలలో ఈ సీమ నుంచి సాగిన పెద్ద వలస గల్ఫ్ దేశాలకు. ఇందులో స్త్రీలది ప్రధాన పాత్ర. ఇళ్లలో పని చేయడానికి, ముసలివారిని, పిల్లలను చూసుకోవడానికి కోనసీమ స్త్రీలు వేల సంఖ్యలో కువైట్ తదితర దేశాలకు వెళ్లారు. వీరిలో దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు ఎక్కువ. 1983 నాటి వలసల చట్టం కింద ఏజెంట్లకు నమోదు తప్పనిసరి. ఇంటి పనికి వెళ్లే స్త్రీలకు తరువాత 30 ఏళ్ల కనీస వయస్సు నిబంధన కూడా వచ్చింది. నిబంధనలు తప్పించే దారులూ ఉన్నాయి, వాటిలో మోసపోయినవారూ ఉన్నారు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. రెండు నెలల వ్యవధిలో 1.7 లక్షలకు పైగా భారతీయులను విమానాలలో స్వదేశానికి చేర్చారు. 1942 మళ్లీ వచ్చినట్టే అయింది. అయితే ఈ మధ్యకాలంలో ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. 1975 నాటి ఇరవై సూత్రాల కార్యక్రమంలో భూమి లేని పేదలకు ఇంటి స్థలాలు ఇవ్వడం ఒక అంశం. ఆ తరువాతి పథకాల కింద కూడా పేటలలో చాలా కుటుంబాలకు రెండు మూడు సెంట్ల పట్టా దక్కింది. 1942 నాటి పాలేరు కొడుకుకు లేనిది 1990 నాటి కువైట్ మనిషికి ఉంది. అది చిన్న స్థలమే, పైగా పల్లపు చోటే కావచ్చు. కానీ అక్కడి నుంచి పొమ్మనే హక్కు మరొకరికి లేదు. మళ్లీ వెళ్లి సంపాదించిన డబ్బు మొదట పోసింది ఆ స్థలంలోని పునాదిలోనే. ఊరికి దూరంగా గడిపిన ఏళ్లకు ఆ డాబా ఒక లెక్కపత్రం. ఆ ఏళ్లలో తల్లి దగ్గర లేకుండా పెరిగిన పిల్లల లెక్క మాత్రం అందులో కనిపించదు.

8. 2020 తరువాత

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. మే 7 నుంచి వందే భారత్ మిషన్ కింద విదేశాల నుంచి విమానాలు వచ్చాయి. రాజోలు ప్రాంతంలో రెండు రాకలు మళ్లీ ఒకేసారి కనిపించాయి. హైదరాబాదు, బెంగళూరుల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వచ్చి తాతల ఇళ్ల తాళాలు తీసి, అరుగు మీద కూర్చుని లాప్‌టాప్‌లలో పని చేశారు. గల్ఫ్ నుంచి, నగరాలలోని నిర్మాణ పనుల నుంచి కూలీలు వచ్చి ఉపాధి హామీ పనికి పేర్లు నమోదు చేయించుకున్నారు.

'ఇక పల్లెలకు మంచి రోజులు' అని అప్పట్లో చాలామంది రాశారు. ఆఫీసులు తెరుచుకోగానే మొదటివారిలో ఎక్కువమంది వెళ్లిపోయారు. రెండోవారిలో వీసా దొరికినవారు వెళ్లారు, దొరకనివారు ఇక్కడే ఆటోలు, చిన్న దుకాణాలు, చేపల చెరువుల పనులు చూసుకున్నారు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందువల్ల ఈ రాకపోకలు జరిగిన కాలంలో వాటిని నమోదు చేసే జనగణన లేకపోయింది. స్థానిక చరిత్ర రాసేవారి బాధ్యత అందువల్ల పెరిగింది.

9. పల్లె సురక్షితమేనా?

నగరంలో ఆపద వస్తే పల్లెలో ఆశ్రయం దొరుకుతుందన్న నమ్మకాన్ని కూడా పరీక్షించాలి. 1986 ఆగస్టు వరదలో లంక గ్రామాలు మునిగాయి. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద చమురు బావిలో బ్లో అవుట్ సంభవించి, మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. 1996 నవంబర్ 6 నాటి తుపాను కోనసీమలో కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి నిద్రలో ఉన్నవారు సజీవదహనమయ్యారు. పచ్చని సీమగా చూసి మురిసేవారికి ఈ తేదీలు గుర్తుండవు. ఇక్కడే ఉండిపోయినవారు వాటితోనే తమ వయస్సు లెక్కపెట్టుకుంటారు.

దారులు మాత్రం మెరుగయ్యాయి. చించినాడ వద్ద వశిష్ఠపై, బోడసకుర్రు వద్ద వైనతేయపై ఇప్పుడు వంతెనలున్నాయి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. పడవ కోసం రేవులో కాచుకునే అవసరం తగ్గింది. అయితే వంతెన రెండు వైపులకూ దారి ఇస్తుంది. వచ్చినవారు నిలవాలంటే దారితో పాటు పని, ఆసుపత్రి, మంచినీరు, పిల్లలకు బడి ఉండాలి.

10. ముగింపు

మనం వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకుందాం. రాజోలులో పట్నం నుంచి పల్లెకు వచ్చినవారు చాలావరకు ఆపదలోనే వచ్చారు. రాగలగడానికి ఇంటి స్థలం కావాలి. నిలవడానికి జీవనాధారం కావాలి. మండువా ఇంటివారికి మొదటిది ఉంది, రెండోది నగరంలో దొరికింది. రంగూన్ కూలీకి రెండూ లేవు. కువైట్ వెళ్లిన స్త్రీ మొదటిదాన్ని నిలబెట్టుకుని, రెండోదాని కోసం ఇంకా వెతుకుతోంది. ఎవరికి ఎక్కడ ఉండడం ఇష్టమో అడిగే ముందు, ఎవరికి ఎక్కడ ఉండే వీలుందో అడగడం చరిత్రకారుడి పని.

స్వయం పరీక్షా ప్రశ్నలు

1. తిరుగు వలసకు, ప్రతినగరీకరణకు తేడా ఏమిటి? రాజోలు అనుభవం దేనికి దగ్గరగా ఉంది?
2. 1942లో మద్రాసు నుంచి వచ్చినవారి స్థితిని, రంగూన్ నుంచి వచ్చినవారి స్థితితో పోల్చండి.
3. ఇంటి స్థలం పట్టా తిరుగు వలసపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.

క్షేత్ర అభ్యాసం

మీ వీధిలో పది ఇళ్లు ఎంచుకోండి. ప్రతి ఇంటి నుంచి ఎవరు, ఏ ఏడాది, ఎక్కడికి వెళ్లారో, ఎవరు తిరిగి వచ్చారో రాసుకోండి. ఇంటి స్థలం ఎవరి పేరున ఉందో, ఎప్పుడు వచ్చిందో అడగండి. తాళం వేసిన ఇంటిని వదిలిపెట్టకండి, పక్కింటివారిని అడగండి. ఆ తరువాత, ఒకప్పుడు మీ వీధిలో ఉండి ఇప్పుడు ఇల్లు కూడా మిగలని కుటుంబం ఏదైనా ఉందేమో పెద్దలను అడగండి. మా అమ్మమ్మను నేను ఆ ప్రశ్న ఆలస్యంగా అడిగాను. మీరు ఈ సెలవుల్లోనే అడగండి.